‘మెండాసిటీ’ ఎక్కడ రాయాలి, ‘లై’ ఎక్కడ చాలు

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున బిల్డర్‌కి ఒక ఉత్తరం రాయాల్సి వచ్చింది. నేను అనువాదం పని చేసుకునేవాణ్ణి కాబట్టి అది నా నెత్తిన పడింది. ఫ్లాట్లు అమ్మేటప్పుడు ఇచ్చిన బ్రోషర్‌లో మంచినీళ్ళ కనెక్షన్ ఉందని రాశారు. గృహప్రవేశాలై ఏడాది దాటినా మాకు బోరు నీళ్ళే, ఎండాకాలమైతే ట్యాంకర్లే. అందరికీ ఒళ్ళు మండుతోంది. నేనూ ఆ మంటలోనే ‘యువర్ పర్సిస్టెంట్ మెండాసిటీ’ అని ఒక వాక్యం దట్టించి, దాన్ని నేనే నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయి, మా బావమరిదికి పంపాను. అతను లాయరు.

సాయంత్రం ఇంటికొచ్చాడు. ప్రింటు తీసిన కాగితంలో ఆ ఒక్క మాట చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది.

“బావా, దీనికి అర్థం ఏంటి?”

“అబద్ధం చెప్పడం.”

“కాదు. అబద్ధాలాడే బుద్ధి. నువ్వు వాళ్ళ బ్రోషర్ గురించి రాయలేదు, వాళ్ళ బుద్ధి గురించి రాశావు. రేపు వాళ్ళు కనెక్షన్‌కి అప్లికేషన్ పెట్టిన రసీదు తీసి, వస్తుందని నమ్మే రాశాం సార్ అంటే ఏం చేస్తావు?”

నా దగ్గర సమాధానం లేదు. పాతికేళ్ళుగా డిక్షనరీలు తిరగేస్తున్నవాణ్ణి, ఆ పూట కాస్త సిగ్గుపడ్డాను. అబద్ధానికి ఇంగ్లీషులో ఒక డజను మాటలున్నాయి. వాటిలో ఒక్కొక్కటి ఎదుటివాడి మీద ఒక్కో రకం ఆరోపణ. ఎంత పెద్ద మాట వాడితే అంత ఎక్కువ రుజువు మన దగ్గర ఉండాలి. ఏ మాట ఎంత బరువు అడుగుతుందో చూసి ఎంచుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి

మెండాసిటీలో బలం రెండో అక్షరం మీద పడుతుంది: మెన్-డ్యా-సి-టీ. దాని విశేషణం మెండేషస్. కెపాసిటీ, కెపేషస్ ఎలాగో ఇదీ అలాగే. లాటిన్‌లో ‘మెండాక్స్’ అంటే అబద్ధాలాడేవాడు. దాని వెనకున్న ‘మెండుమ్’ అంటే తప్పు, లోపం. ఆ లోపాన్ని సరిచేయడం నుంచే ఇంగ్లీషు ‘మెండ్’ వచ్చింది, మనం రోజూ పేపర్లో చదివే రాజ్యాంగ ‘అమెండ్‌మెంట్’ కూడా ఆ కుటుంబమే. ఒకే మూలం నుంచి ఒక కొమ్మ తప్పు దిద్దేవైపు, ఇంకో కొమ్మ తప్పు చెప్పేవైపు పోయింది.

ఆ కుటుంబంలోనే ఇంకో మాటుంది, జాగ్రత్త. మెండిసిటీ. ఒక్క అక్షరం తేడా. దానర్థం బిచ్చమెత్తుకోవడం. ‘మెండికెంట్’ అంటే భిక్షువు. కోపంగా ఉత్తరం రాస్తూ ఆ అక్షరం తప్పితే, అబద్ధాలకోరు అనబోయి అడుక్కునేవాడు అన్నట్టవుతుంది. స్పెల్ చెక్ కూడా పట్టుకోదు, రెండూ ఉన్న మాటలే.

వ్యాకరణం విషయంలో మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఒక చోట ఉంది. మెండాసిటీ లెక్కపెట్టే వస్తువు కాదు. ‘హీ టోల్డ్ ఎ మెండాసిటీ’ అనరు. దయ, పిసినారితనం లాగా అదొక గుణం. ఒక అబద్ధం, రెండు అబద్ధాలు అని లెక్కపెట్టాలంటే లై కావాలి, లేదా ఫాల్స్‌హుడ్ కావాలి. దానికి క్రియ కూడా లేదు. ఒక ప్రకటననో రిపోర్టునో అనాలనుకుంటే ‘మెండేషస్ రిపోర్ట్’ అనవచ్చు. అప్పుడు కూడా ఆ రిపోర్టు రాసినవాడి బుద్ధినే అంటున్నాం.

తెలుగులో దీనికి దగ్గరి మాట అబద్ధం కాదు. అబద్ధాలకోరుతనం. చాడీకోరు, కయ్యాలకోరు అంటాం చూడండి. ఆ ‘కోరు’ తగిలిందంటే అది ఒక్కసారి చేసిన పని కాదు, అలవాటు. ఇంకా మామూలుగా చెప్పాలంటే ‘నోరు తెరిస్తే అబద్ధం’. నేను ఎన్ని డిక్షనరీలు చూసినా మా అమ్మ వాడే ఈ మూడు మాటల్ని మించిన అనువాదం దొరకలేదు.

లై, ఫాల్స్‌హుడ్, అన్‌ట్రూత్

లై అంటే రెండు షరతులు కలవాలి. చెప్పింది నిజం కాకూడదు, నిజం కాదని చెప్పినవాడికి తెలిసుండాలి, తెలిసీ ఎదుటివాణ్ణి నమ్మించాలని చెప్పి ఉండాలి. (రెండంటూ మూడు రాశాను. చివరి రెండూ నిజానికి ఒకే మనసులోవి.) మామూలు మాటల్లో ఇదే వాడండి. చిన్న మాట, గట్టి మాట. మాట్లాడేటప్పుడు మెండాసిటీ వాడేవాణ్ణి నేనింతవరకు ఎవర్నీ చూడలేదు, చూసినా ఆ మనిషితో రెండో కాఫీ తాగను.

వాడేటప్పుడు ఒక చిన్న మెలిక గుర్తుంచుకోండి. ‘హీ లైడ్ మీ’ అని మనవాళ్ళు తరచుగా రాస్తారు. నన్ను మోసం చేశాడు అనే వాక్యం మనసులో పెట్టుకుని రాయడం వల్ల వచ్చిన తప్పు అది. ‘లైడ్ టు మీ’ అనాలి. లేదా ‘టోల్డ్ మీ ఎ లై’.

ఫాల్స్‌హుడ్ ఇంకోరకం. అది చెప్పిన మాటకు సంబంధించింది, చెప్పిన మనిషి దానికి అక్కర్లేదు. వాట్సాప్‌లో మీ పెద్దమ్మ పంపిన ఆరోగ్య చిట్కా అబద్ధమే కావచ్చు, కానీ ఆవిడ అబద్ధం చెప్పలేదు. నమ్మింది, పంపింది. అది ఫాల్స్‌హుడ్, లై కాదు. ఆవిడ మెండేషస్ అసలే కాదు. అన్‌ట్రూత్ కూడా ఈ బాపతే, ఇంకాస్త మెత్తన. ఎదుటివాడి మనసులోకి తొంగి చూసే అవకాశం మీకు లేనప్పుడు ఈ రెండింట్లో ఒకటి వాడితే మీ మీదకు రాదు.

ఈ తేడా మీద అమెరికా పత్రికలు పెద్ద తర్జనభర్జనే పడ్డాయి. 2016 సెప్టెంబరులో ట్రంప్ మాటల గురించి న్యూయార్క్ టైమ్స్ హెడ్డింగులో ‘లై’ అని నేరుగా వాడింది. మరుసటి జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ ఎడిటర్ మాత్రం, లై అంటే మోసగించాలనే ఉద్దేశం ఉందని చెప్పినట్టు, దాన్ని వాడటానికి జాగ్రత్త కావాలి అన్నారు. వాషింగ్టన్ పోస్ట్ నాలుగేళ్ళ పాటు లెక్క పెట్టి 30,573 అని తేల్చింది. దాని ముందు పెట్టిన మాట ‘ఫాల్స్ ఆర్ మిస్‌లీడింగ్ క్లెయిమ్స్’. ముప్పై వేలు లెక్క పెట్టాక కూడా మొత్తానికి అబద్ధాలు అని పేరు పెట్టలేదు. వాళ్ళు భయపడ్డారని కొందరంటారు. నాకు అది భయంలా అనిపించలేదు, లెక్కలు రాసేవాడి జాగ్రత్తలా అనిపించింది. ఒక్కో మాట వెనక ఆ మనిషి ఏమనుకున్నాడో ముప్పై వేలసార్లు రుజువు చేయడం ఎవరివల్ల అవుతుంది?

తెల్ల అబద్ధం

వైట్ లై అనే మాటను తెలుగు చేయబోయి చాలామంది ‘తెల్ల అబద్ధం’ అని రాస్తారు. చదవగానే సున్నం వేసిన గోడ గుర్తొస్తుంది. మనకు రంగులు అక్కర్లేదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. వామనుడికి మాట ఇవ్వబోతున్న బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు ఎక్కడెక్కడ బొంకవచ్చో పట్టికే చెప్పాడు. ‘నాన్న ఇంట్లో లేరని చెప్పు’ అనే మాట వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్ళల్లో తక్కువ. ఇలాంటివాటికి మెండాసిటీ వాడితే చీమ మీద రోడ్డు రోలర్ ఎక్కించినట్టే. ‘ఫిబ్’ అంటే చాలు.

నిజం చెప్పి మోసం చేసేవాళ్ళ సంగతి

అబద్ధం మాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ప్రివారికేషన్. లాటిన్‌లో వంకర కాళ్ళతో నడవడం అనే అర్థం నుంచి వచ్చింది. రోమన్ కోర్టుల్లో, ఒకరి వకీలుగా ఉంటూ లోపాయికారీగా ఎదుటి పక్షంతో కుమ్మక్కయ్యేవాణ్ణి ఆ మాటతోనే పిలిచేవారు. ఇప్పుడు ఇంగ్లీషులో దానర్థం సూటిగా జవాబు చెప్పకుండా మాట దాటేయడం. దాటవేత అంటే సరిగ్గా సరిపోతుంది.

ఈక్వివొకేషన్ దాని పక్కింటి మాట. రెండర్థాలొచ్చేలా మాట్లాడి, వినేవాణ్ణి తప్పుడు అర్థం వైపు నడిపించడం. దీన్ని తెలుగువాడికి వివరించాల్సిన అవసరమే లేదు. ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా. ధర్మరాజు చెప్పిన ప్రతి అక్షరమూ నిజమే, ఏనుగు నిజంగానే చచ్చింది. ద్రోణుడు మాత్రం కొడుకు పోయాడనుకుని అస్త్రం కింద పెట్టాడు.

ఇదే మెలిక మీద అమెరికా సుప్రీంకోర్టు 1973లో తీర్పిచ్చింది. శామ్యూల్ బ్రాన్‌స్టన్ అనే సినిమా నిర్మాత కంపెనీ దివాలా తీసింది. విచారణలో ప్రమాణం చేయించి అడిగారు: మీకు స్విస్ బ్యాంకుల్లో ఖాతాలున్నాయా? లేవండీ అన్నాడు. ఎప్పుడైనా ఉండేవా? దానికి అతని జవాబు: కంపెనీకి జూరిక్‌లో ఒక ఆరు నెలలు ఖాతా ఉండేది.

చదివినవాడికి ఏమనిపిస్తుంది? కంపెనీకే తప్ప తనకు లేదనేగా. నిజానికి ఆయన సొంత ఖాతా జెనీవాలో దాదాపు ఐదేళ్ళు నడిచింది. కింది కోర్టులు పెర్జురీ, అంటే ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం, అన్నాయి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదంది. చెప్పిన వాక్యంలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు, అడిగినదానికి జవాబు రాలేదని గమనించి మళ్ళీ అడగాల్సింది లాయరే అని తేల్చింది. ఆ లాయరు ఆ రోజు రాత్రి ఎలా నిద్రపోయాడో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

కాబట్టి ఎదుటివాడు చెప్పిన ప్రతి వాక్యమూ విడివిడిగా నిజమే అయి, మొత్తం మాత్రం మోసంగా ఉంటే, లై అనకండి. వాడు వెంటనే వాక్యాలు విడదీసి చూపించి, నేనెక్కడ అబద్ధం చెప్పానో చెప్పండి అని దబాయిస్తాడు. ఈవేసివ్ అనండి, మిస్‌లీడింగ్ అనండి. 1986లో బ్రిటన్ క్యాబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆస్ట్రేలియా కోర్టులో ‘ఎకనామికల్ విత్ ద ట్రూత్’ అన్నాడు, అంటే నిజాన్ని పొదుపుగా ఖర్చు పెట్టడం. అప్పట్నుంచి ఇంగ్లీషు పేపర్లకు అది వెక్కిరింపు మాటగా దొరికింది.

పెర్జురీ అనేది కోర్టు మాట, ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం. ఇంట్లో దేవుడి మీద ఒట్టు వేసి చెప్పింది ఇందులోకి రాదు. మన చట్టం ఆ మాట వాడదు కూడా, తప్పుడు సాక్ష్యం అంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 229వ సెక్షన్ దానికి శిక్ష చెబుతుంది, కోర్టు విచారణలోనైతే ఏడేళ్ళ వరకు.

చట్టసభల్లో మాత్రం అసలు మాటే పలకకూడదు. బ్రిటన్ కామన్స్ సభలో సాటి సభ్యుణ్ణి లయర్ అని, ఆ మాట వెనక్కి తీసుకోకపోతే బయటకు నడవాల్సిందే. ప్రధాని అబద్ధాలు చెప్పారన్నందుకు 2021 జులైలో డాన్ బట్లర్ అనే సభ్యురాలిని పంపేశారు. 1906లో చర్చిల్ ‘టెర్మినలాజికల్ ఇనెక్సాక్టిట్యూడ్’ (మాట వాడకంలో కచ్చితత్వం లేకపోవడం) అనే కొండవీటి చాంతాడంత మాట వాడాడు, దాన్ని ఇప్పటికీ అబద్ధానికి మర్యాద పేరుగా చెప్పుకుంటారు. 2022లో మన లోక్‌సభ సచివాలయం తయారుచేసిన అన్‌పార్లమెంటరీ మాటల జాబితాలో ‘లై’, ‘అన్‌ట్రూ’ కూడా కనిపించేసరికి గొడవైంది. ఏ మాటనూ నిషేధించలేదని స్పీకర్ వివరణ ఇచ్చారు.

డిసీట్, డిసానెస్టీ, చీటింగ్

డిసీట్‌లో మోసపోయినవాడు ఒకడుండాలి. అబద్ధం గాల్లోకి చెప్పవచ్చు, డిసీట్ ఎవరో ఒకరి మీదే జరుగుతుంది. దానికి మాటే అక్కర్లేదు, మసిపూసి మారేడుకాయ చేసినా డిసీటే. మీటరు తిప్పేసిన సెకండ్ హ్యాండ్ కారు నోరు విప్పి అబద్ధం చెప్పదు కదా. తెలుగులో వంచన, దగా, మోసం.

డిసానెస్టీ ఇంకా వెడల్పు. పరీక్షలో చూచిరాత, ఆఫీసు స్టేషనరీ ఇంటికి తెచ్చుకోవడం, లంచం, అన్నీ అందులో పడతాయి. ఇక్కడొక విచిత్రం ఉంది. మన పాత ఇండియన్ పీనల్ కోడ్ 24వ సెక్షన్‌లో డిసానెస్ట్‌లీ అనే మాటకిచ్చిన నిర్వచనంలో అబద్ధం ప్రసక్తే లేదు. ఒకరికి అన్యాయంగా లాభం, లేదా ఇంకొకరికి అన్యాయంగా నష్టం కలిగించాలనే ఉద్దేశం, అంతే. ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా చట్టం దృష్టిలో డిసానెస్ట్ కావచ్చు.

ఇక చీటింగ్. మనం దీన్ని అన్నిటికీ వాడేస్తాం. క్యారమ్స్‌లో స్ట్రైకర్ జరిపినా చీటింగే, ప్రేమించి మాట మార్చినా చీటింగే. చట్టంలో దానికి 420 అనే నంబరు ఉండేది కాబట్టే ‘వాడో ఫోర్ ట్వంటీ’ అనే తిట్టు పుట్టింది. కొత్త సంహితలో అది 318లోకి మారిపోయింది. తిట్టు మాత్రం మారలేదు. వాణ్ణి త్రీ వన్ ఎయిట్ గాడు అంటే ఎవరికీ అర్థం కాదు.

ఉత్తరం రాయాల్సి వచ్చినప్పుడు

మీలో చాలామందికి నిజంగా పనికొచ్చేది ఈ భాగమే అనుకుంటున్నాను. ఫిర్యాదులు, లీగల్ నోటీసులు, ఆఫీసు మెయిళ్ళు.

మా బావమరిది ఆ రోజు చెప్పిన కేసు 1889 నాటిది, డెర్రీ వర్సెస్ పీక్. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఒక ట్రామ్ కంపెనీ. అప్పట్లో ట్రాములను గుర్రాలు లాగేవి. ఆవిరితో నడపాలంటే ప్రభుత్వ బోర్డు అనుమతి కావాలి. అనుమతి రాకముందే కంపెనీవాళ్ళు ప్రాస్పెక్టస్‌లో ఆవిరి వాడే హక్కు మాకుందని రాసేశారు. పీక్ అనే ఆయన అది నమ్మి షేర్లు కొన్నాడు. బోర్డు చాలావరకు ఒప్పుకోలేదు, కంపెనీ మూతపడింది, పీక్ కోర్టుకెళ్ళాడు. చివరికి హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడ ఆఖరి కోర్టు అదే) చెప్పిందేమిటంటే, డైరెక్టర్లు అనుమతి వస్తుందని నిజాయితీగానే నమ్మారు కాబట్టి అది ఫ్రాడ్ కాదు. తెలిసి చెప్పాలి, లేదా నిజమని నమ్మకుండా చెప్పాలి, లేదా నిజమో అబద్ధమో నాకెందుకులే అన్న నిర్లక్ష్యంతో చెప్పాలి. అప్పుడే ఫ్రాడ్.

“ఆవిరి తీసి నీళ్ళు పెట్టు, ట్రామ్ తీసి ఫ్లాట్ పెట్టు. నీ కేసే,” అన్నాడు.

మన 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం కూడా ఈ రెండింటినీ పక్కపక్క సెక్షన్లలో పెట్టింది. 17లో ఫ్రాడ్, నిజం కాదని తెలిసి చెప్పినది. 18లో మిస్‌రిప్రజెంటేషన్, అది నిజమని తానే నమ్మినా తగిన ఆధారం లేకుండా గట్టిగా చెప్పినది. రెండింట్లో దేనివల్ల ఒప్పందానికి దిగినా మామూలుగా ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. మరి తక్కువ రుజువుతో పని జరిగే దారి ఉండగా ఎక్కువ రుజువు అడిగే దారిలో ఎందుకు పోవాలి?

ఫ్లాట్ల విషయంలో ఇంకా సులువు. 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్, ప్రకటనలో ఉన్న ‘ఇన్‌కరెక్ట్, ఫాల్స్ స్టేట్‌మెంట్’ను నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి ప్రమోటర్ పరిహారం ఇవ్వాలంటుంది. ముందు వచ్చిన మాట చూడండి, ఇన్‌కరెక్ట్. అబద్ధమని నిరూపించక్కర్లేదు, తప్పని చూపిస్తే చాలు. ఇంకో సరదా ఏమిటంటే, ఆ సెక్షన్ శీర్షికలో ‘వెరాసిటీ’ అనే మాట ఉంది. ప్రకటనల సత్యసంధత అన్నమాట. మెండాసిటీకి అచ్చంగా వ్యతిరేక పదం అది. చట్టం రాసినవాళ్ళు మంచి మాటను హెడ్డింగులో పెట్టి, చెడ్డ మాటను మాత్రం ఎక్కడా వాడలేదు.

ఆఫీసు మెయిల్లో ఇంకా మెత్తగా ఉండాలి. ‘మీరు ఫైలు పంపనే లేదు’ అని మేనేజర్ అంటాడు, మీరు పంపిన మెయిల్ మీ కళ్ళ ముందే ఉంటుంది. వేళ్ళు దురద పెడతాయి. అయినా లై అని రాయకండి. ‘దిస్ డస్ నాట్ మ్యాచ్ అవర్ రికార్డ్స్’ అని రాసి, పాత మెయిల్ అటాచ్ చేయండి. చదివే నలుగురూ మీరు రాయని మాటను వాళ్ళే అనుకుంటారు. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు నటించేవాళ్ళకు ‘డిసిన్‌జెన్యువస్’ అనే చక్కని మాట ఉంది కానీ, అది మెయిల్లో కంటే టీ తాగేటప్పుడు వాడుకోవడానికి బాగుంటుంది.

ఇంకొకటి. అటువంటి ఉత్తరాన్ని కోపంలో నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు మనలో ఉంది. ఫలానావాడు అబద్ధాలకోరు అని పదిమందికీ పంపితే, అది పరువునష్టం కింద, అంటే సంహితలో 356 కింద, మీ మీదకే తిరిగి రావచ్చు. బ్రోషర్‌లోని ఫలానా వాక్యం తప్పు అని రాస్తే ఆ టెన్షన్ చాలావరకు ఉండదు.

మెండాసిటీకి మరి చోటే లేదా? ఉంది. ఏళ్ళ తరబడి ఒక ప్రభుత్వమో, సిగరెట్ల పరిశ్రమ లాంటిదో తెలిసి తెలిసి జనాన్ని నమ్మించిన వైనం మీద సంపాదకీయం రాస్తున్నారనుకోండి. మీ దగ్గర తారీఖులున్నాయి, లోపలి కాగితాలున్నాయి, ఒక దానికొకటి పొంతన లేని ప్రకటనలున్నాయి. ఆ వ్యాసం చివరి పేరాలో ఆ మాట కూర్చుంటుంది. మొదటి పేరాలో పెడితే బరువు, చివర్లో పెడితే తీర్పు.

పరీక్షలు రాసేవాళ్ళకు

బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షలకు ఇంత అక్కర్లేదు. మెండేషస్ అంటే అన్‌ట్రూత్‌ఫుల్, డిసానెస్ట్. వ్యతిరేక పదం వెరేషస్, ట్రూత్‌ఫుల్. ఆప్షన్లలో మెండికెంట్ కనిపిస్తే అది ఎర. వెరాసిటీ పక్కన వొరాసిటీ కనిపించినా ఎరే, అది తిండిపోతుతనం.

జీఆర్‌ఈ రాసే పిల్లలు మాత్రం జాబితాలు బట్టీ కొట్టి లాభం లేదు. 2011లోనే అందులో వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇస్తారు, ఆరు మాటల్లోంచి ఒకే అర్థమిచ్చే రెండు పట్టుకోమంటారు. వాక్యంలో ‘జవాబు చెప్పకుండా చుట్టూ తిప్పాడు’ అనే సూచన ఉంటే ఈవేసివ్ వైపు వెళ్ళండి. ‘చెప్పిందేదీ నిజం కాదని తేలింది’ అని ఉంటే మెండేషస్ వైపు. మనిషి ఏం చేశాడన్నది వాక్యంలోనే ఉంటుంది.

తెలుగు చేసేటప్పుడు

డిక్షనరీల్లో దీనికి అసత్యవాదిత్వం లాంటివి దొరుకుతాయి. తప్పు కాదు, కానీ ప్రాణం లేదు. నేనైతే సందర్భాన్ని బట్టి మారుస్తాను. వ్యాసంలో అబద్ధాలకోరుతనం. కథలో, సంభాషణలో నోరు తెరిస్తే అబద్ధం. పౌరాణిక గొంతు కావాలంటే బొంకు, అనృతం. కల్లబొల్లి మాటలు అంటే కొంచెం తేలిక, నమ్మించడానికి చెప్పే తీపి కబుర్లు అనే ఛాయ ఉంది, దాన్ని మెండాసిటీకి వాడను. కోతలు అంటే అతిశయం. కోతలు కోసేవాడి మీద మనకు కోపం కంటే నవ్వు ఎక్కువ వస్తుంది. బుకాయింపు, పట్టుబడ్డాక చేసేది. మనం మాటల్లో ‘బ్లఫ్’ అనేదాన్ని కూడా అబద్ధానికి వాడేస్తుంటాం కానీ, ఇంగ్లీషులో అది చేతిలో లేని ముక్క ఉన్నట్టు బెదిరించడం. పేకాట తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

చివరికి మా ఉత్తరం ‘ద బ్రోషర్ కంటెయిన్స్ ఎన్ ఇన్‌కరెక్ట్ స్టేట్‌మెంట్’ అనే చప్పటి వాక్యంతో వెళ్ళింది. అసోసియేషన్‌లో ఇద్దరు ముగ్గురు పెదవి విరిచారు, ఇంత ఇంగ్లీషు వచ్చినవాడు ఇంతేనా రాసేది అని. పది రోజుల్లో జవాబొచ్చింది. అప్లికేషన్ రసీదు నకలు జతచేసి, పొరపాటుకు చింతిస్తున్నామని. మా బావమరిది ఊహించింది అక్షరాలా జరిగింది. ట్యాంకర్ల ఖర్చులో సగం వాళ్ళే పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఆరు నెలలకు అదే బిల్డర్ పక్క స్థలంలో రెండో ఫేజ్ మొదలుపెట్టాడు. కొత్త బ్రోషర్ మా వాచ్‌మన్ గదిలో ఒక కట్ట పెట్టి వెళ్ళారు. ఆర్ట్ పేపరు, కొత్త ఫోటోలు. నాలుగో పేజీలో మళ్ళీ అదే వాక్యం, మంచినీళ్ళ కనెక్షన్ ఉంది అని. ఆ రోజు పొద్దున కూడా మా గేటు ముందు ట్యాంకర్ ఆగి ఉంది.

ఫోటో తీసి బావమరిదికి పంపి, కింద ఒక్క ముక్క రాశాను: “ఇప్పుడు వాడుకోవచ్చా?”

కాసేపటికి జవాబొచ్చింది. “వద్దులే బావా. కానీ ఈసారి ఇన్‌కరెక్ట్ కూడా వద్దు. ‘ఫాల్స్ టు యువర్ నాలెడ్జ్’ అని రాయి. వాళ్ళు మనకు రాసిన చింతిస్తున్నాం ఉత్తరం జాగ్రత్తగా ఉంది కదా, దాన్ని జతచెయ్యి.”